ఇండోనేషియా పేరు కింద ఏ తేదీ ఉంది? ఇరవయ్యో శతాబ్దపు డిజిటల్ అట్లాస్‌పై సమీక్ష

చరిత్ర అట్లాస్ కొనేవారు సాధారణంగా పటాల సంఖ్యను, రంగుల స్పష్టతను, అక్షరాల పరిమాణాన్ని చూస్తారు. నేను కొన్నేళ్లుగా అన్నిటికంటే ముందు ఇండోనేషియా పేరు కింద ఏ తేదీ వేశారో చూస్తున్నాను. ఆ దేశం స్వాతంత్ర్యం ప్రకటించుకున్న 1945 ఆగస్టు 17 అని మాత్రమే ఉంటే ఆ పటాన్ని జకార్తాలో నిలబడి గీశారని, వలస పాలకులైన డచ్చివారు అధికారాన్ని అప్పగించిన 1949 డిసెంబరు 27 అని మాత్రమే ఉంటే ఆమ్‌స్టర్‌డామ్‌లో కూర్చుని గీశారని అర్థం చేసుకుంటాను. రెండు తేదీలనూ వేసి, వాటి మధ్య నడిచిన నాలుగేళ్ల కథను కూడా చెప్పగలిగిన అట్లాస్ దొరికితే దాన్ని నిశ్చింతగా తరగతి గదిలోకి తీసుకుపోతాను. ఎనిమిది నెలలుగా నేను వాడుతున్న డిజిటల్ అట్లాస్ ఈ మొదటి పరీక్షలో నెగ్గింది. తరువాతి పరీక్షల్లో కొన్నింటిలో తప్పింది. ఆ రెండు విషయాలనూ వివరంగా చెప్పడానికే ఈ సమీక్ష.

ఇది ఏడాది చందా మీద లభించే సేవ. 1900 నుంచి 2000 వరకు ప్రపంచ రాజకీయ పటం ఏ సంవత్సరంలో ఎలా ఉండేదో చూపడం దీని ఉద్దేశం. స్వాతంత్ర్యోద్యమాలు, రాజ్యాంగ సంస్కరణలు, యుద్ధాలు అనే మూడు అంశాలను పటం మీద మూడు పొరలుగా పరిచారు. తెర అడుగున ఉన్న కాలపట్టీని వేలితో జరుపుతుంటే సరిహద్దులు, రంగులు, నగరాల పేర్లు మారుతూ వస్తాయి. ఏ దేశాన్ని తాకినా రెండు మూడు పేజీల వివరణ తెరుచుకుంటుంది. చరిత్ర చదువుకునే డిగ్రీ విద్యార్థులకు పాఠం చెప్పేందుకు నేను దీన్ని తీసుకున్నాను కాబట్టి నా తూకం ఉపాధ్యాయుడి తూకం. లోపాలను నిర్మొహమాటంగా రాయవలసి వచ్చింది కనుక తయారు చేసిన సంస్థ పేరును ప్రస్తావించడం లేదు. ఇటువంటి ఏ అట్లాస్‌నైనా ఎంచుకోబోయేవారు ఇవే ప్రశ్నలు వేసి చూసుకోవచ్చు.

ముందుగా ఇండోనేషియా. జపాన్ లొంగుబాటు ప్రకటించిన రెండు రోజులకు, 1945 ఆగస్టు 17న, ఉద్యమ నాయకులు సుకర్ణో, హట్టా స్వాతంత్ర్యాన్ని ప్రకటించారు. ఆ రోజు నుంచే అట్లాస్‌లో జావా, సుమత్రాల రంగు మారడం మొదలవుతుంది. అయితే పూర్తి రంగు పడదు, ఏటవాలు గీతలు మాత్రమే పడతాయి. నవంబరులో సురబాయా నగరంలో బ్రిటిష్ దళాలతో జరిగిన పోరు, ఆ దళాల్లో పెద్ద సంఖ్యలో ఉన్నది భారతీయ సైనికులే అన్న సంగతి, 1947 జులైలోనూ 1948 డిసెంబరులోనూ డచ్చి ప్రభుత్వం ‘పోలీసు చర్య’ అనే పేరుతో నడిపిన రెండు దాడులు, రెండో దాడిలో గణతంత్ర రాజధాని యోగ్యకర్తా పట్టుబడి సుకర్ణో, హట్టా బందీలు కావడం, ఇవన్నీ నెలల వారీగా పటం మీద కనిపిస్తాయి. గణతంత్రం చేతిలో మిగిలిన నేల ఎంతగా కుంచించుకుపోయిందో చూసిన విద్యార్థికి, ఓడిపోతున్నట్టు కనిపించిన పక్షం ఏడాది తిరగకుండానే సార్వభౌమాధికారాన్ని ఎలా సంపాదించిందన్న ప్రశ్న తనంతట తానే వస్తుంది. దానికి జవాబు పటంలో లేదు. ఐక్యరాజ్యసమితి చర్చల్లోనూ, యుద్ధానంతర సహాయాన్ని ఆపేస్తామన్న అమెరికా ఒత్తిడిలోనూ, పల్లెల్లో ఆగకుండా సాగిన గెరిల్లా పోరాటంలోనూ ఉంది. వివరణ పేజీ ఆ మూడింటినీ చెప్పింది. అధికార బదిలీతో పాటు 400 కోట్ల గిల్డర్లకు పైబడిన వలస ప్రభుత్వపు అప్పును కూడా కొత్త దేశం నెత్తిన పెట్టారన్న వాస్తవాన్ని సైతం వదలలేదు. తమ మీద జరిగిన దాడుల ఖర్చు కూడా కలిసిన అప్పును విముక్తి పొందిన ప్రజలే తీర్చవలసి రావడం మా తరగతిలో చాలాసేపు చర్చకు వచ్చింది. డచ్చి ప్రభుత్వం 1945 ఆగస్టు 17ను పూర్తిగా గుర్తిస్తున్నట్టు ప్రధానమంత్రి నోట చెప్పడానికి 2023 వరకు పట్టింది. తేదీ ఎంత బరువైన విషయమో తెలియడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

తేదీలను దేశాలు ఎంచుకుంటాయి కూడా. ఈ సంగతిని అట్లాస్ కొన్నిచోట్ల పట్టుకుంది, కొన్నిచోట్ల జారవిడిచింది. ఫిలిప్పీన్స్‌కు అమెరికా అధికారాన్ని అప్పగించింది 1946 జులై 4న. పదహారేళ్ల పాటు ఆ దేశం తన స్వాతంత్ర్య దినాన్ని అమెరికా స్వాతంత్ర్య దినం నాడే జరుపుకుంది. 1962లో అధ్యక్షుడు మకపగాల్ దాన్ని జూన్ 12కు మార్చాడు. అది స్పెయిన్ పాలన నుంచి విముక్తిని ఉద్యమ నాయకుడు అగినాల్డో ప్రకటించిన 1898 నాటి తేదీ. అట్లాస్ ఈ మార్పును చక్కగా వివరించింది. అల్జీరియా విషయంలోనూ అంతే శ్రద్ధ చూపింది: 1962 జులై 1న ప్రజాభిప్రాయ సేకరణ, 3న ఫ్రాన్స్ గుర్తింపు, కానీ పండుగ జులై 5న. 1830లో అల్జీర్స్ నగరం ఫ్రెంచి సైన్యానికి లొంగిపోయింది అదే రోజున కాబట్టి, 132 ఏళ్ల తరువాత ఆ రోజునే విముక్తి దినంగా నిలిపారు. ఘనాకు వచ్చేసరికి ఈ శ్రద్ధ సన్నగిల్లింది. 1957 మార్చి 6 అన్న తేదీ ఉంది గాని, అప్పట్లో గోల్డ్‌కోస్టు అని పిలిచిన ఆ తీరంలోని నాయకులు బ్రిటిష్ న్యాయాధికారానికి ఒప్పుకుంటూ సంతకాలు చేసిన 1844 నాటి ఒప్పందం కూడా మార్చి 6నే జరిగిందన్న మాట లేదు. జైలులో ఉండగానే 1951 ఎన్నికల్లో గెలిచి, బయటికి వచ్చి ప్రభుత్వానికి నాయకత్వం వహించిన ఎన్‌క్రుమా కథ మాత్రం సవివరంగా ఉంది. ఎన్నికల దారిన వచ్చిన స్వాతంత్ర్యానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇక నన్ను ఎక్కువగా బాధపెట్టిన లోపం. పోర్చుగీసు గినియాలో అమిల్కార్ కబ్రాల్ నడిపిన ఉద్యమం 1973 నాటికి పల్లె ప్రాంతాల్లో చాలా భాగాన్ని తన పాలన కిందికి తెచ్చుకుంది. కబ్రాల్ ఆ జనవరిలో పొరుగు దేశ రాజధాని కొనాక్రీలో హత్యకు గురయ్యాడు. అయినా సెప్టెంబరు 24న మదీనా దో బోయెలో గినీ-బిస్సావు స్వాతంత్ర్య ప్రకటన జరిగింది, నవంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ దాన్ని స్వాగతించింది. పోర్చుగల్ ఒప్పుకున్నది మాత్రం 1974 సెప్టెంబరు 10న. అట్లాస్‌లో ఈ చివరి తేదీ ఒక్కటే ఉంది. ఇండోనేషియాకు చూపిన న్యాయం ఈ చిన్న దేశానికి ఎందుకు చూపలేదు? జనాభా తక్కువన్న కారణంతో చరిత్రను కూడా తగ్గించి రాయడం నాకు సమ్మతం కాదు.

తూర్పు తైమూరు దగ్గర ఈ అసమానత మరింత స్పష్టంగా కనిపిస్తుంది. పోర్చుగీసు వలసగా ఉన్న ఆ నేల మీద 1975 నవంబరు 28న స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. తొమ్మిది రోజులు తిరిగేసరికి, డిసెంబరు 7న, ఇండోనేషియా సైన్యం దిగింది. మరుసటి సంవత్సరం దాన్ని తన 27వ రాష్ట్రంగా ప్రకటించింది. దళాలను వెనక్కి రప్పించమని భద్రతా మండలి కోరింది. ఐక్యరాజ్యసమితి ఆ విలీనాన్ని ఏనాడూ గుర్తించలేదు. తన జాబితాల్లో ఆ ప్రాంతాన్ని పోర్చుగల్ పాలనాబాధ్యత కిందే ఉంచింది. అయినా ఈ అట్లాస్‌లో 1976 నుంచి 1999 వరకు తూర్పు తైమూరుకు ఇండోనేషియా రంగే, గీత కూడా లేకుండా, పూసి ఉంది. అదే అట్లాస్ బాల్టిక్ దేశాల వద్ద ఎంత జాగ్రత్త వహించిందో చూడండి: ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియాలను సోవియట్ యూనియన్ 1940లో కలుపుకున్నప్పుడు అమెరికా మొదలైన దేశాలు గుర్తించలేదు కాబట్టి, 1991 వరకు ఆ మూడింటి మీద ఏటవాలు గీతలు గీసింది, కింద గమనిక కూడా పెట్టింది. బాల్టిక్‌లో పాటించిన నియమాన్ని తైమూరులోనూ పాటించి ఉండవలసింది. 1999 ఆగస్టు 30 నాటి ఓటింగులో 78.5 శాతం మంది స్వాతంత్ర్యాన్ని కోరుకున్నారు. 2002 మే 20న వచ్చిన దాన్ని ఆ దేశం ‘స్వాతంత్ర్య పునరుద్ధరణ’ అని పిలుచుకుంటుంది. పునరుద్ధరణ అన్న ఆ మాటకు 1975 నాటి తేదీ ఆధారం. ఆ తేదీని పటం మీద నుంచి తీసేస్తే మాటకు అర్థం లేకుండా పోతుంది.

కాలపట్టీ పనితీరు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ప్రధాన దేశాలకు నెలల వారీగా కదిలే ఈ పట్టీ మిగిలిన చోట్ల సంవత్సరానికి ఒక అడుగు చొప్పున దూకుతుంది. 1960లో ఒక్క ఆఫ్రికాలోనే 17 దేశాలు స్వతంత్రమయ్యాయి. అటువంటి సంవత్సరాన్ని ఒక్క దూకులో దాటేస్తే నడుమ జరిగినదంతా మాయమవుతుంది. బ్రిటిష్ సొమాలీల్యాండ్ ఆ ఏడు జూన్ 26న స్వతంత్రమై, జులై 1న ఇటాలియన్ సొమాలియాతో కలిసిపోయింది. ఐదు రోజుల ఆ దేశం ఈ పటంలో పుట్టనే పుట్టలేదు. 1991లో అక్కడివారు మళ్లీ విడిగా ఉంటామని ప్రకటించినప్పుడు ఆ ఐదు రోజులనే తమ వాదనకు పునాదిగా చూపారు కాబట్టి ఇది విస్మరించదగిన వివరం కాదు.

బెల్జియం పాలనలో ఉండిన కాంగోకు మాత్రం నెలల వారీ పటాలు ఇచ్చారు, అవి నిజంగా గొప్పగా ఉన్నాయి. బ్రస్సెల్స్‌లో 1960 ఆరంభంలో జరిగిన సమావేశం స్వాతంత్ర్యానికి జూన్ 30ని ముహూర్తంగా నిర్ణయించింది. అంటే అంత పెద్ద దేశంలో పాలన చేతులు మారడానికి దక్కిన వ్యవధి ఐదు నెలలు. జులై 5న సైన్యంలో తిరుగుబాటు, 11న గనుల సంపద ఉన్న కటంగా విడిపోతున్నట్టు ప్రకటన, సెప్టెంబరులో ప్రధాని లుముంబా తొలగింపు, ఆ వెంటనే సైనికాధికారి మొబుటు జోక్యం, 1961 జనవరి 17న కటంగాలో లుముంబా హత్య: పట్టీని జరుపుతుంటే దేశం ముక్కలవుతున్న తీరు కంటికి కడుతుంది. జూన్ 30 నాటికి సైన్యంలో ఆఫ్రికన్ అధికారి ఒక్కడూ లేడు. జెండా మారినా ఆజ్ఞలిచ్చే అధికారులు మారలేదు. జులైలో సైనికులు ఎందుకు తిరగబడ్డారో ఈ ఒక్క వాక్యంతో విద్యార్థులకు అర్థమైంది.

భారత ఉపఖండం పటంలో ఒక తప్పును చెప్పక తప్పదు. 1947 ఆగస్టు 15న పట్టీని ఆపితే భారత్, పాకిస్తాన్‌ల నడుమ ర్యాడ్‌క్లిఫ్ రేఖ పక్కాగా గీసి ఉంటుంది. వాస్తవానికి ఆ రేఖను బయటపెట్టింది ఆగస్టు 17న. రెండు రోజుల పాటు పంజాబులోనూ బెంగాలులోనూ జనం తామున్న నేల ఏ దేశంలో పడిందో తెలియకుండానే స్వాతంత్ర్యాన్ని చూశారు. ముర్షిదాబాద్‌లో పాకిస్తాన్ జెండా, ఖుల్నాలో భారత జెండా ఎగిరాయి, తరువాత తారుమారయ్యాయి. ఆ రెండు రోజులు పటం మీద గీత ఉండకూడదు. అదే పటంలో హైదరాబాద్ సంస్థానాన్ని 1948 సెప్టెంబరు వరకు వేరే రంగులో ఉంచడం, పుదుచ్చేరి, యానాం వంటి ఫ్రెంచి స్థావరాలకు 1954 నాటి వాస్తవ బదిలీని, 1962 నాటి చట్టబద్ధ బదిలీని విడివిడిగా చూపడం మెచ్చుకోదగిన పనులు.

రంగుల విషయానికి వస్తే, వలస పాలనకు ఒకే రంగు వాడటం ఈ అట్లాస్ చేసిన పెద్ద సరళీకరణ. పాలకులు తమ అధీన ప్రాంతాలకు పెట్టిన పేర్లు రకరకాలు, ఆ పేర్ల వెనుక ఎత్తుగడలున్నాయి. అల్జీరియా ఫ్రాన్స్‌లో అంతర్భాగమని, వలస కానే కాదని పారిస్ వాదించింది; అయినా 1947 చట్టం కింద ఏర్పడిన 120 స్థానాల శాసనసభలో సగం స్థానాలు జనాభాలో పదిశాతం పరిసరాల్లో ఉన్న ఐరోపా సంతతికి, మిగిలిన సగం తక్కిన అందరికీ కేటాయించారు. అంతర్భాగమన్న మాట ఎంత బోలుదో ఈ లెక్కతో తేలిపోతుంది. పోర్చుగల్ 1951లో రాజ్యాంగాన్ని సవరించి తన వలసలను ‘సముద్రాంతర రాష్ట్రాలు’ అని పిలవడం మొదలుపెట్టి, తనకు వలసలే లేవని ఐక్యరాజ్యసమితిలో వాదించింది. ఈజిప్టుకు బ్రిటన్ 1922లో స్వాతంత్ర్యం ఇచ్చినట్టు ప్రకటించింది గాని, సామ్రాజ్య రవాణా మార్గాలు, దేశ రక్షణ, విదేశీయుల ప్రయోజనాలు, సూడాన్ అనే నాలుగు విషయాలను తన చేతిలోనే ఉంచుకుంది. చివరి బ్రిటిష్ సైనికుడు సూయజ్ ప్రాంతాన్ని విడిచింది 1956 జూన్‌లో. అట్లాస్‌లో మాత్రం ఈజిప్టు 1922లోనే పూర్తి స్వతంత్ర దేశపు ఆకుపచ్చ రంగుకు మారిపోతుంది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత నానాజాతి సమితి పేరిట బ్రిటన్, ఫ్రాన్సులు పంచుకున్న ఇరాక్, సిరియా, పాలస్తీనా వంటి మాండేట్ ప్రాంతాలకు కూడా వలసల రంగే వేశారు. అక్కడి ప్రజల అనుభవంలో తేడా పెద్దగా లేకపోయినా, న్యాయపరంగా తేడా ఉంది. ఆ తేడాను ఆసరా చేసుకునే ఇరాక్ 1932లో సమితి సభ్యత్వం సాధించింది. రంగుల సూచికకు మరో మూడు నాలుగు ఛాయలు చేర్చితే ఈ లోపం తీరుతుంది.

ఇప్పుడు ఈ అట్లాస్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం. రాజధానిలో జరిగిన రాజకీయ మార్పుకూ, దూరాన ఉన్న వలసల విముక్తికీ ఉన్న సంబంధాన్ని ఇది గీతలతో కలిపి చూపుతుంది. పోర్చుగల్‌లో సైన్యం నియంతృత్వాన్ని కూల్చిన 1974 ఏప్రిల్ 25 వద్ద పట్టీని ఆపి లిస్బన్‌ను తాకితే ఆఫ్రికా వైపు ఐదు గీతలు సాగుతాయి: గినీ-బిస్సావు, మొజాంబిక్, కేప్ వెర్దీ, సావో తోమె, అంగోలా. వాటిని వెనక్కి అనుసరిస్తే అంగోలాలో 1961లో, పోర్చుగీసు గినియాలో 1963లో, మొజాంబిక్‌లో 1964లో మొదలైన యుద్ధాలు కనబడతాయి. పదమూడేళ్ల ఆ యుద్ధాలు పోర్చుగల్ సైన్యంలోని మధ్యస్థాయి అధికారులను ఎంతగా విసిగించాయంటే, గెలవలేని యుద్ధానికి అంతం పలకాలంటే తమ దేశంలోని నియంతృత్వాన్ని ముందు కూల్చాలన్న నిర్ణయానికి వారు వచ్చారు. వలస ప్రజల పోరాటం వలస పాలకుల దేశానికి కూడా ప్రజాస్వామ్యాన్ని తెచ్చిపెట్టిన సందర్భం ఇది; పాఠ్యగ్రంథాలు దీన్ని తరచుగా పోర్చుగల్ ఔదార్యంగా, తలకిందులుగా చెబుతాయి. దాదాపు ఏడాదిన్నరకు, 1975 నవంబరు 11న అంగోలా కూడా విడుదలై, అదే వేళకు అంతర్యుద్ధంలో చిక్కుకుంది. ఆ ఐదో గీత చివర మంటల గుర్తు పెట్టి, యుద్ధాల పొరను తెరిస్తే మరింత సమాచారం వచ్చేలా అమర్చారు.

సోవియట్ సంస్కరణల భాగమూ ఇదే పద్ధతిలో ఉంది. మాస్కోలో గోర్బచేవ్ మొదలుపెట్టిన బహిరంగ చర్చ, బాల్టిక్ ప్రజలకు, తమ దేశాల తలరాతను తేల్చిన హిట్లర్, స్టాలిన్‌ల 1939 నాటి రహస్య ఒప్పందం గురించి బాహాటంగా అడిగే ధైర్యాన్నిచ్చింది. ఆ ఒప్పందానికి యాభై ఏళ్లు నిండిన 1989 ఆగస్టు 23న దాదాపు 20 లక్షల మంది మూడు దేశాల మీదుగా 600 కిలోమీటర్లకు పైగా చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డారు. టాలిన్ నుంచి రీగా మీదుగా విల్నియస్ వరకు ఆ మానవహారం సాగిన దారిని అట్లాస్ పటం మీద ఎర్రని సన్నని రేఖగా గీసింది. సరిహద్దులు, యుద్ధరంగాలతో నిండిన పటాల నడుమ, నిలబడిన మనుషులతో ఏర్పడిన ఒకే ఒక్క గీత అది. నా విద్యార్థులు ఆ తెర దగ్గర ఎక్కువసేపు ఆగారు, నేనూ ఆగాను.

సరిహద్దులు కదలని చోట ఈ అట్లాస్ తడబడింది. దక్షిణాఫ్రికాను తీసుకోండి. 1910 నుంచి 1994 వరకు పట్టీని ఎంత జరిపినా ఆ దేశపు రూపురేఖలు దాదాపు మారవు. 1961లో గణతంత్రమైనప్పుడు రంగు కొద్దిగా ముదురుతుంది, అంతే. ఆ మారని గీతల లోపల నేల ఎవరిదన్న ప్రశ్న మాత్రం పూర్తిగా మారిపోయింది. 1913 భూమి చట్టం దేశంలో అత్యధిక సంఖ్యాకులైన నల్లజాతి ప్రజలకు సుమారు 7 శాతం భూమిని మిగిల్చింది. 1936లో ఆ వాటాను 13 శాతం దరిదాపులకు పెంచారు. ఆ చిన్న చిన్న ముక్కలనే తరువాత ‘స్వదేశాలు’ అని పిలిచి, 1976లో ట్రాన్స్‌కైతో మొదలుపెట్టి నాలుగింటికి ‘స్వాతంత్ర్యం’ ప్రకటించారు. వాటిని ఆ ప్రభుత్వం తప్ప ప్రపంచంలో మరే ఇతర స్వతంత్ర దేశమూ గుర్తించలేదు. స్వాతంత్ర్యమన్న మాటను పౌరసత్వం లాక్కోవడానికి సాధనంగా వాడిన సందర్భం ఇది. ట్రాన్స్‌కైకి చెందినవారని లెక్కించిన లక్షలాది మంది తాము పుట్టి పెరిగిన దేశంలోనే పరాయివారయ్యారు. స్వాతంత్ర్యోద్యమాల అట్లాస్‌లో ఈ సంగతికి ప్రత్యేకమైన పటం ఉండాలి. ఉన్నది ఒక పేరా మాత్రమే. ఆ నాలుగింటిలో ఒకటైన, ముక్కలు ముక్కలుగా విసిరేసినట్టుండే బొఫుతత్స్వానా ఆకారాన్ని కంటితో చూస్తే తప్ప ఆ విధానం ఎలాంటిదో అర్థం కాదు. షార్ప్‌విల్‌లో 1960 మార్చి 21న 69 మంది కాల్పులకు బలి కావడం, 1976 జూన్‌లో సొవెటో విద్యార్థుల తిరుగుబాటు, 1990 ఫిబ్రవరిలో మండేలా విడుదల, 1994 ఏప్రిల్ 27న తొలిసారి అందరూ ఓటు వేయడం, ఇవన్నీ చుక్కలుగా ఉన్నాయి. భూమి పంపకం పటం ఉంటే ఆ చుక్కలకు నేపథ్యం దొరికేది.

వివరణ పేజీల భాష గురించి ఒక మాట. చరిత్రలో మెత్తని మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో గమనించాలి. అల్జీరియాలో జరిగిన దాన్ని యుద్ధమని ఒప్పుకుంటూ ఫ్రాన్స్ చట్టం చేసింది 1999లో; అంతవరకు అధికారిక పత్రాల్లో అది శాంతిభద్రతల పరిరక్షణ చర్య. కెన్యాలో 1952 అక్టోబరు నుంచి 1960 వరకు ‘అత్యవసర పరిస్థితి’ పేరిట నిర్బంధ శిబిరాల్లో జరిగిన హింసకు బ్రిటిష్ ప్రభుత్వం విచారం ప్రకటించి, 5,228 మందికి 1.99 కోట్ల పౌండ్ల పరిహారానికి అంగీకరించింది 2013లో. ఈ రెంటి విషయంలో అట్లాస్ మాటలు సూటిగా ఉన్నాయి. పాత పేరును ఉల్లేఖన చిహ్నాల్లో పెట్టి, జరిగినది జరిగినట్టు రాసింది. కానీ 1948లో పాలస్తీనా నుంచి ఏడు లక్షల మంది నిరాశ్రయులు కావడాన్ని రాస్తున్నప్పుడు మాత్రం ‘జనాభా కదలికలు చోటుచేసుకున్నాయి’ అన్న తీరులో, కర్త లేని వాక్యాల వెనుక దాక్కుంది. పంజాబు విభజన గురించి, నైజీరియా నుంచి విడిపోవాలనుకున్న బయాఫ్రా ఆకలి గురించి స్పష్టంగా రాయగలిగినవారు ఇక్కడ కూడా అలాగే రాసి ఉండవలసింది.

మిగిలిన వసతులు బాగానే ఉన్నాయి. పటాలను అచ్చు తీసుకోవచ్చు. ఇంటర్నెట్ లేనప్పుడు వాడుకునేందుకు దించిపెట్టుకోవచ్చు. నగరాల పేర్లు కాలంతో పాటు మారతాయి: లియోపోల్డ్‌విల్ 1966లో కిన్షాసా అవుతుంది, సాలిస్‌బరీ 1982లో హరారే అవుతుంది, పాత పేరుతో వెతికినా కొత్త పేరుతో వెతికినా అదే చోటు తెరుచుకుంటుంది. పాత టాబ్లెట్లలో పొరలు మూడూ ఒకేసారి తెరిస్తే పటం నెమ్మదిస్తుంది. పిల్లలకు ఇది బరువవుతుంది. డిగ్రీ స్థాయి విద్యార్థులకు, పోటీ పరీక్షల కోసం ప్రపంచ చరిత్ర చదివేవారికి, స్వయంగా చదువుకునే పెద్దలకు సరిపోతుంది. దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోకుండా, తేదీల దగ్గర పక్కన మరో పుస్తకం పెట్టుకుని వాడమని సలహా ఇస్తాను.

చందాను మరో ఏడాదికి పొడిగించాను. గినీ-బిస్సావుకు 1973 నాటి తేదీని చేర్చాలని, తూర్పు తైమూరు మీద బాల్టిక్ దేశాల మాదిరిగానే ఏటవాలు గీతలు గీయాలని, ర్యాడ్‌క్లిఫ్ రేఖను ఆగస్టు 17కు జరపాలని నిర్వాహకులకు రాశాను. మొదటి రెండింటినీ పరిశీలిస్తామని సమాధానం వచ్చింది. పట్టీ 2000 దగ్గర ఆగినప్పుడు ఆఫ్రికా వాయవ్య తీరాన పశ్చిమ సహారా మీద చుక్కల గీత ఒకటి మిగిలి ఉంటుంది. స్పెయిన్ 1976లో విడిచి వెళ్లిన ఆ నేలలో, 1991 కాల్పుల విరమణతో పాటు హామీ ఇచ్చిన ప్రజాభిప్రాయ సేకరణ శతాబ్దం ముగిసేసరికి కూడా జరగలేదు. దాని పేరు కింద తేదీ వేయవలసిన చోటును అట్లాస్ ఖాళీగా ఉంచింది.